రొట్టెయంత్రము మొరాయించినపుడు

హిందూపురమునకు సమీపమున, కర్ణాటక సరిహద్దున నున్న చిలమత్తూరు ప్రాంతము రాగిసంగటి తిని బ్రతికిన సీమ. అచ్చటి వంటయింట రుబ్బురోలు, తిరగలి, సంగటి కెలికెడు తెడ్డు కనబడుట సహజము. అట్టి వంటయింటికి నేడు పిండియు నీరును పోసి మీట నొక్కినచో మూడు నాలుగు గంటలలో బ్రెడ్డు చేసి యిచ్చు యంత్రము కూడ అక్కడక్కడ వచ్చి చేరుచున్నది. బెంగుళూరున ఉద్యోగము చేయు కుమారుడో, అమెరికాలో కాపురమున్న కుమార్తెయో దానిని తెచ్చి యిత్తురు. తెచ్చినవారు తిరిగి పోవుదురు, యంత్రము మిగులును. అది మొరాయించిన నాడు, మీ యింట నెట్లున్నదని అడిగి తెలిసికొనుటకు ఇరుగుపొరుగున మరియొకటి యుండదు.

మేమెరిగిన ఒక యింట ఇట్లే జరిగినది. ఆ యింటి అవ్వ డెబ్బది యేండ్లు దాటినది, ఒంటరిగా నున్నది. భుజము నొప్పిచే సంగటి కెలుకలేకపోవుచున్నదని తెలిసి, అమెరికాలోని కుమార్తె రొట్టెయంత్రమును, దానికి తగిన ట్రాన్స్‌ఫార్మరును తెచ్చి యిచ్చి, ఉపయోగించు విధము నేర్పి పోయినది. కొన్నినెలలు అంతయు సవ్యముగా నడచినది. పాలలో నానవేసిన రెండు ముక్కలే అవ్వకు ఉదయాహారము. పిమ్మట రొట్టె పొంగుట మానినది, ఇటుకవలె గట్టిపడినది. చూడవచ్చిన మరమ్మతుదారు మూత తీసి చూచి, లోపలి బోర్డు పోయినదనియు, వేల రూపాయలగుననియు చెప్పెను. అవ్వ ఆ సొమ్మును ఇచ్చుకొనలేదు, కుమార్తెకును చెప్పలేదు. యంత్రమును పాతచీరలో చుట్టి అటుకమీద పెట్టించి, టీయు బిస్కత్తులును తిని కాలము గడుపసాగినది. మేమడుగగా, “మిషను మంచిదే నాయనా, నా హస్తవాసే పోయింది” అన్నది.

మేము ఆ యంత్రమును క్రిందికి దింపి పరీక్షించితిమి. ఆ పరీక్షాక్రమమునే నేడు శ్రోతలకు వివరింపదలచితిమి.

ముందుగా యంత్రమెట్లు పనిచేయునో తెలియవలెను. ఇండ్లలో వాడు రొట్టెయంత్రములు 1980వ దశకమున జపానులో వెలువడినవి. మత్సుషితా కంపెనీవారి తొలి నమూనాలలో పిండి సరిగా పదును కాలేదు. అప్పుడు ఇకుకో తనాకా అను ఆమె ఓసాకా నగరపు హోటలులో పేరుమోసిన రొట్టెమాస్టరు వద్ద శిష్యరికము చేసి, ఆతడు పిండిని లాగుచు మెలిత్రిప్పుచు పిసుకు విధమును గమనించి వచ్చినది. యంత్రము ఆ చేతిపనినే అనుకరించునట్లు తరువాత దిద్దబడినది. కావున ఈ పెట్టెలో నున్నది మాయ కాదు. పిసుకుటకు ఒక రెక్క. రెక్కను త్రిప్పుటకు మోటారు. రెంటికి నడుమ ఒక బెల్టు. కాల్చుటకు గిన్నె చుట్టు హీటరుతీగ. వేడిని కనిపెట్టుటకు ఒక సూచి. ఎప్పుడేమి చేయవలెనో ఆజ్ఞాపించుటకు ఒక బోర్డు. ఇంతే. ఈ ఆరింటిలో బోర్డు చెడుట కలదు గాని, దానిని చివర అనుమానింపవలెనే గాని మొదట కాదు.

మొదటి ప్రశ్న: యంత్రమునకు కరెంటు అందుచున్నదా? దీపము వెలుగనిచో అదే ప్లగ్గున ఒక టేబులుదీపమును పెట్టి చూడవలెను. అదియు వెలుగకున్న దోషము గోడది. అమెరికా నుండి వచ్చిన యంత్రమైనచో ఇంకొక జాగ్రత్త కలదు. అచ్చటి కరెంటు 120 వోల్టులు. మనది 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మరు లేక నేరుగా తగిలించినచో హీటరు సుమారు మూడున్నర రెట్లకు పైగా శక్తిని లాగును. క్షణములలో తీగయో, ఫ్యూజో, బోర్డో కాలిపోవును. యంత్రము వెనుక నున్న చీటిమీద వోల్టులెన్నియో చదువక ప్లగ్గు పెట్టరాదు. ఇట్టి యంత్రములు సాధారణముగా 500 నుండి 700 వాట్లవి. వాటికి 1000 వాట్ల ట్రాన్స్‌ఫార్మరైనను ఉండవలెను. ఇంకొక మాట. అచ్చటి కరెంటు సెకనునకు 60 ఆవృత్తులది, మనది 50 ఆవృత్తులది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను తగ్గించునే గాని ఆవృత్తులను మార్చజాలదు. అందుచే కొన్ని మోటార్లు ఇచ్చట ఆరింట ఒక వంతు మందముగా తిరుగును. అది జబ్బు కాదు.

రెండవ ప్రశ్న: దీపము వెలిగియు యంత్రము కదలక, ఊరక కూయుచున్నదా? ఒక రొట్టె కాలిన వెంటనే రెండవది వేసినచో లోపలి వేడిని చూచి వేడిసూచి పనిని ఆపివేయును. గృహిణి అది చెడినదని భ్రమించును. మూత తెరచి, గిన్నె తీసి, అరగంట చల్లారనిచ్చినచో అదియే నడచును. ఎండ పడు కిటికీ ప్రక్కను, పొయ్యి ప్రక్కను దానిని ఉంచరాదు.

మూడవ ప్రశ్న: మోటారు మ్రోయుచున్నను పిండి కదలకున్నదా? రెక్కను తగిలించుట మరచుట అందరికిని జరుగునదే. గిన్నె అడుగున బిగుసుకొనక పైకి తేలియున్నను ఇట్లే యగును. ప్లగ్గు తీసి, ఖాళీ గిన్నెలోని రెక్కను చేతితో త్రిప్పి చూడవలెను. అది రాయివలె బిగిసియున్నచో ఇరుసులో పిండి చేరి మాడినదని గ్రహించి, వేడినీరు గిన్నె లోపల పోసి నాననీయవలెను. గిన్నెను నీట ముంచరాదు. అడుగునున్న ఇరుసు త్రుప్పు పట్టును. రెక్క తేలికగా తిరుగుచు, మోటారు మ్రోయుచు, పిండి మాత్రము కదలనిచో బెల్టు సడలినదో తెగినదో యగును. అది చిన్న ఖర్చుతో పోవు పని. కాని యంత్రము అడుగు విప్పుట తెలిసినవానికే వదలవలెను.

అవ్వ యంత్రము ఈ మూడు పరీక్షలలోను నెగ్గినది. దీపము వెలిగినది, రెక్క తిరిగినది, పిండి ముద్ద యైనది. బోర్డు పోయినచో ఇవన్నియు క్రమము తప్పక జరుగునా? మరమ్మతుదారు మాట అచ్చటనే తేలిపోయినది. ఇక చూడవలసినది యంత్రమును కాదు, అందు పోసిన వస్తువులను.

రొట్టెను పొంగించునది ఈస్టు. అది పొడివలె కనబడు సజీవ పదార్థము. ఇడ్లీపిండి పులియుట వంటిదే దీని పనియును. చక్కెరను తిని వాయువును విడుచును. ఆ వాయువును పట్టి నిలుపునది గోధుమలోని జిగురు. ఈస్టుకు ఇంచుమించు 27 నుండి 38 డిగ్రీల వెచ్చదనము హితము. 60 డిగ్రీలకు చేరినచో చచ్చును. దానిని పరీక్షించు విధము సులభము. అరగ్లాసు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా చక్కెర, ఒక చెంచా ఈస్టు కలిపి పదినిమిషములు ఉంచవలెను. నురుగు లేచినచో బ్రతికియున్నది. అడుగున బురదవలె కూర్చున్నచో పనికిరాదు. అవ్వ సంక్రాంతికి తెరచిన పొట్లమును రేకుడబ్బాలో పోసి పొయ్యిగట్టు మీద ఉంచుకొన్నది. వేసవి అంతయు అది అచ్చటనే ఉన్నది. మా గ్లాసులో ఒక్క నురుగుబుడగ లేవలేదు. తెరచిన ఈస్టును గాలి చొరని సీసాలో పోసి ఫ్రిజ్జులో ఉంచవలెనని ఆమెకు ఎవరును చెప్పియుండలేదు.

హిందూపురము నుండి కొత్త ఈస్టు తెప్పించితిమి. ఉప్పు నేరుగా తగిలినచో ఈస్టు బలహీనపడును గనుక నీటిలో ఒక మూల ఉప్పు, పైన పిండి, పిండి నడుమ గుంటలో ఈస్టు వేయవలెను. కొలత విషయమున కప్పులను నమ్మరాదు. అమెరికా కప్పు వేరు, మన టీకప్పు వేరు. త్రాసుతో తూచుట మేలు. 500 గ్రాముల పిండికి సుమారు 320 మిల్లీలీటర్ల నీరు, 5 గ్రాముల పొడి ఈస్టు, 8 గ్రాముల ఉప్పు, ఒక పెద్దచెంచా చక్కెర, ఒకటిన్నర చెంచా నూనె చాలును. ఇది మైదాకు లెక్క. మిల్లులో పట్టించిన గోధుమపిండి ఇంకను నీరు త్రాగును. మా సీమలో వెన్నకు బదులు వేరుసెనగనూనె, చక్కెరకు బదులు బెల్లము వాడవచ్చును. బెల్లమును కరగించి వడగట్టి, ఆ నీటిని కూడ కొలతలో చేర్చవలెను. రాగిపిండి వేయదలచినచో ఐదింట ఒక వంతును మించరాదు. రాగిలో జిగురు లేదు. అది సంగటికి గుణము, రొట్టెకు లోపము.

పిసుకుట మొదలైన పదినిమిషములకు మూత తెరచి చూడవచ్చును. చపాతిపిండి కన్న కొంచెము మెత్తగా, ఒకే ముద్దగా, గిన్నె గోడలను వదలి తిరుగుచుండవలెను. పొడిగా ముక్కలగుచున్నచో ఒక చెంచా నీరు. జావవలె నున్నచో ఒక చెంచా పిండి. పొంగుట మొదలైన పిమ్మట మాత్రము మూత తీయరాదు. పొంగి, పొంగి, నడుమ కుంగినచో నీరో ఈస్టో హెచ్చినదని గాని, ఉప్పు మరచితిమని గాని తెలియవలెను. వేసవిలో కుండనీరు, చలికాలపు తెల్లవారుజామున గోరువెచ్చని నీరు వాడుట మంచిది. రాత్రి పోసి తెల్లవారునప్పటికి కాలునట్లు గడియారము పెట్టుకొనువారు పాలు వాడరాదు; విరిగిపోవును. మన ఊరు ఎత్తున నున్నందున రొట్టె చెడుచున్నదని కొందరనుట విన్నాము. హిందూపురము సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల ఎత్తున నున్నది. ఆపాటి ఎత్తు రొట్టెను చెరుపజాలదు.

కొత్త ఈస్టుతో అవ్వ రొట్టె పొంగినది. కాని సాయంకాలము తీసి చూడగా పైభాగము తెల్లగా, లోపల పచ్చిగా నుండెను. అవ్వ ముఖము మరల చిన్నబోయినది. మేమును ఒక క్షణము బోర్డునే తలచితిమి. అంతలో ఇంటిలోని దీపము మినుకుమినుకుమనుట చూచి, విద్యుత్‌పని తెలిసిన పిల్లవాని పిలిపించి కొలిపించితిమి. ఆ వేళకు 180 వోల్టులు మాత్రమే వచ్చుచున్నది. ట్రాన్స్‌ఫార్మరు తానుగా ఏమియు చేర్చదు. తక్కువ వచ్చినచో అదే నిష్పత్తిలో తక్కువ ఇచ్చును. హీటరు బలము వోల్టుల వర్గమును బట్టి యుండును గనుక 230కి బదులు 180 వచ్చినచో వేడి నూటికి అరువది పాళ్లకు దిగిపోవును. మోటారు తిరుగును, దీపము వెలుగును. రొట్టె మాత్రము కాలదు. దీనికి మందు తగిన శక్తిగల స్టెబిలైజరు. లేదా కరెంటు నిండుగా నుండు వేళ ఎంచుకొనుట. మరునాటి ఉదయము కొలిపించగా 225 వోల్టులు చూపినది. అవ్వ అప్పుడే పిండి పోసినది. కాలుచున్న వాసన పదిగంటలకు వీధివరకు వచ్చినది.

నడుమ కరెంటు పోయినచో కొన్ని యంత్రములు కొద్ది నిమిషములవరకు తమ పనిని జ్ఞాపకముంచుకొనును. కొన్ని మొదటికి వచ్చును. అట్టి సమయమున పిండిని పారవేయనక్కరలేదు. గిన్నెలో పొంగనిచ్చి, కాల్చుట ఒక్కటే చేయు మీటను నొక్కవచ్చును. చేతికి జివ్వుమని తగిలినను, తీగ మాడిన వాసన వచ్చినను మాత్రము ఏ పరీక్షయు చేయరాదు. గోడ స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, తెలిసినవానికి చూపవలెను. మూడుకాళ్ల ప్లగ్గులోని ఎర్తు కాలిని విరిచి వాడుట ప్రాణమునకే ముప్పు.

చెడినదని మూలబెట్టిన యంత్రములలో ఎన్నిటికి నిజముగా జబ్బున్నదో చూచినవారు తక్కువ. కరెంటు, గిన్నె, రెక్క, ఈస్టు, కొలత, వోల్టులు: ఈ క్రమమున ఒక్కొక్క దానిని మాత్రమే మార్చి చూచినచో కారణము దొరకును. అన్నియు ఒకేసారి మార్చినచో రొట్టె బాగుపడినను ఎందువలన బాగుపడెనో తెలియదు. అంతకన్న ముఖ్యమైనది, తెచ్చి యిచ్చిన బిడ్డలకు ఆ మాట చెప్పుట. ఆ రాత్రి అవ్వ కుమార్తెకు ఫోను చేసి జరిగినదంతయు చెప్పినది. “ఇన్నినాళ్లు బిస్కెట్లు తింటూ ఉంటివా అమ్మా” అని అవతల బిడ్డ ఏడ్చినది. ఇవతల అవ్వ, “ఏడవొద్దులేమ్మా, నా చేయి బాగానే ఉంది” అన్నది.