సెలవులకు ఏ సీమకు పోవలెను?

పిల్లల పరీక్షలు ముగియ వచ్చిన వన్న మాట వినబడగనే ప్రతి గృహమునందును ఒక ప్రశ్న తలయెత్తును: ఈ మారు ఎక్కడికి పోవుదము? తండ్రి ఒక రాష్ట్రము పేరు చెప్పును; పిల్లలు వేరొకటి కోరుదురు; పొరుగింటివారు పోయివచ్చిన చోటు మరియొకటి. అందరును చోటు పేరుతోనే ఆలోచన ప్రారంభింతురు. మా మనవి యేమనగా, చోటు పేరు చివర రావలెను. మొదట నెలను చూడవలెను. పిమ్మట ఇంటిలోని మనుష్యులను చూడవలెను. అటు తరువాత దూరమును వ్యయమును లెక్కింపవలెను. ఈ మూడింటికిని నిలిచిన చోటే మనకు తగిన చోటు. ఈ వరుస తలక్రిందగుటచేతనే అనేక కుటుంబములు విశ్రాంతికని పోయి, పోయిననాటికంటె ఎక్కువ అలసటతో తిరిగి వచ్చుచున్నవి.

ఇట్టి యోచన తెలుగువారికి క్రొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, కుటుంబ సహితముగ, సుమారు నూరుమంది పరివారముతో కాశీయాత్ర చేసి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. వారి 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయ్యెను. గుడులను గోపురములను వర్ణించుటతో ఆయన తృప్తి పడలేదు. నీళ్లు దొరకునా, దిగుటకు వసతి యున్నదా, అంగళ్లున్నవా, బాట యెట్లున్నది అని మజిలీ మజిలీకిని వ్రాసికొనుచు పోయెను. పల్లకీలు పోయి రైళ్లును విమానములును వచ్చినవి గాని, ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని పోవువాడు అడుగవలసిన ప్రశ్నలు నేటికిని అవియే.

మొదట నెల సంగతి విచారింతము. మన విద్యాలయములకు ముఖ్యమైన సెలవులు మూడు: వేసవి, దసరా, సంక్రాంతి. ఒక సెలవుకు మంచిదైన సీమ మరియొక సెలవుకు కష్టము కలిగింపవచ్చును.

వేసవిలో మనము కోరునది చల్లదనము. అది ఎత్తునుబట్టి లభించును గాని దిక్కునుబట్టి కాదు. వేయి మీటర్లు పైకి పోయినప్పుడు గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడును. ఈ ఒక్క లెక్క తెలిసిన గృహస్థుడు ప్రకటనలోని బొమ్మను చూచి మోసపోడు. తమిళనాటి ఉదకమండలము సుమారు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అనగా మైదానముకంటె పదునాలుగు డిగ్రీల తగ్గుదల. కొడైకెనాలు 2,100 మీటర్లకు పైబడినది. కర్ణాటకములోని మడికేరి సుమారు 1,150 మీటర్లు. అచ్చట తగ్గుదల ఏడు డిగ్రీలు మాత్రమే. ఉత్తరదేశమనగనే చల్లనిదని తలచి మే నెలలో ఆగ్రాకు పోవువారు మన బెజవాడ యెండకు తీసిపోని యెండలో పాలరాతి ముందు నిలువవలసి వచ్చును. అంత దూరము పోయినది శుక్రవారమైనచో తాజమహలు తలుపులు మూసియుండును.

వేసవికి మరియొక హద్దు కలదు. నైరృతి ఋతుపవనము సాధారణముగ జూన్ 1వ తేదీ ప్రాంతమున కేరళమును తాకును. కావున మున్నారు, కొడగు మొదలైన పడమటి కనుమల సీమలకు పోదలచినవారు మే నెలలోపుననే పోయి రావలెను. వానను చూచుటకే పోవువారి మాట వేరు. పసిపిల్లలతో పోవువారికి కొండదారిలో ఎడతెగని వాన ఉల్లాసకరము కాదు.

ఈ కాలమున కొండపట్టణములలో జనసమ్మర్దము మిక్కుటము. అందుచేతనే మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆజ్ఞపై 2024 మే 7 నుండి నీలగిరులకును కొడైకెనాలునకును వచ్చు వాహనములకు ఇ-పాసు నిర్బంధము చేయబడెను. బయలుదేరుటకు ముందే ఇట్టి నిబంధనలను విచారించుకొనుట మంచిది. ఉదకమండలమునకు కొండరైలు కూడ కలదు. మెట్టుపాళెమునుండి 46 కిలోమీటర్లు. నిట్రమైన చోట పట్టాల నడుమనున్న కమ్మీ పండ్లను ఇంజను చక్రపు పండ్లు పట్టుకొని మెల్లమెల్లగా ఎక్కును. 1908లో ఉదకమండలము వరకు పూర్తియైన ఈ మార్గము 2005లో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేరినది. పైకి చేరుటకు నాలుగైదు గంటలు పట్టును. తొందర గలవారికి ఇది ఆలస్యముగ తోచును గాని, పిల్లలకు ఆ ప్రయాణమే విహారము.

ఇక దసరా. అప్పటికి నైరృతి వానలు వెనుదీయుచుండును, ఏరులు నిండియుండును, రాళ్లు చల్లబడియుండును. అక్టోబరు తరువాతి దినములలో తమిళ తీరమునకు ఈశాన్య ఋతుపవనము వచ్చును. తూర్పు తీరమునకు తుపానుల భయమును అప్పుడే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్ తుపానులు రెండును అక్టోబరు 12వ తేదీననే తీరము దాటినవి. కనుక దసరాకు సముద్రమువైపు కాక లోపలి సీమలవైపు చూచుట వివేకము.

అట్టివానిలో హంపి ఒకటి. గుంతకల్లు మీదుగ హోసపేట చేరినచో అచ్చటికి పదమూడు కిలోమీటర్లు. మే నెలలో ఆ బండలపై కాలు మోపుట కష్టము. దసరా దినములలో మహానవమి దిబ్బ నెక్కి నలుదిక్కుల చూచుట సుఖము. విజయనగర రాజుల మహానవమి ఉత్సవములకు వేదిక అదియే. దాని గోడలపై చెక్కిన ఏనుగులు, గుఱ్ఱములు, నర్తకీమణులు పాఠ్యపుస్తకములలోని కృష్ణదేవరాయలను పిల్లలకు సజీవునిగ చేయును. ఇంకొక వినోదము కూడ కలదు. కన్నడ లిపియు తెలుగు లిపియు ఒకే తల్లి బిడ్డలు. దారి ప్రక్కనున్న పలకలను కూడబలుకుకొని చదువుమని పిల్లలకు చెప్పి చూడుడు. రెండవ దినమునకే వారు మనకు దారి చూపుదురు.

దసరాకే తగిన మరియొక సీమ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోని బస్తరు. విశాఖపట్టణమునుండి అరకు మీదుగ, సొరంగములు దాటుచు పోవు రైలు జగదల్పూరునకు చేర్చును. అచ్చట దసరా డెబ్బదియైదు దినముల పండుగ. అందు రావణదహనము లేదు. అది దంతేశ్వరీ దేవి ఉత్సవము. పెద్ద కొయ్యరథమును గిరిజనులు లాగుదురు. ఓరుగల్లు పతనానంతరము ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అచ్చటికి పోయి రాజ్యము స్థాపించెనని పరంపరగా చెప్పుదురు. మన గోదావరిలో కలియు ఇంద్రావతీ నది ఆ సమీపముననే చిత్రకూట్ వద్ద సుమారు 29 మీటర్ల ఎత్తునుండి దుముకును. వానల వెంటనే చూచినవారికి ఆ జలపాతము మహాప్రవాహము. వేసవిలో చూచినవారికి అక్కడక్కడ సన్నని ధారలు.

సంక్రాంతి నాటికి తమిళదేశమున వానలు వెలిసియుండును. అప్పుడు తంజావూరు మిక్కిలి అనుకూలము. రాజరాజు కట్టించిన బృహదీశ్వరాలయము, తెలుగు తాళపత్రములను భద్రపరచిన సరస్వతీ మహలు ఒకే ఊర నున్నవి. సమీపమున తిరువయ్యారు కలదు. పుష్య బహుళ పంచమినాడు అచ్చట త్యాగరాజస్వామి ఆరాధన జరుగును. ఆ తిథి సాధారణముగ జనవరిలో వచ్చును. తెలుగు మాతృభాష కాని గాయకులు వందలకొలదిగ కావేరి యొడ్డున కూర్చుండి తెలుగు వాగ్గేయకారుని పంచరత్న కీర్తనలను ఏకకంఠముగ పాడుదురు. తన భాషకు ఎల్లలవతల ఎంత గౌరవము కలదో మన బిడ్డలకు తెలుపుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

ఒడిషాకు పోవువారికి కూడ ఇదే తరుణము. కోణార్కలో ఎండ మృదువుగ నుండును; చిలుకా సరస్సునకు దూరదేశములనుండి పక్షులు వచ్చియుండును. మహారాష్ట్రములోని అజంతా, ఎల్లోరాలకును చలికాలమే మేలు. ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము: అజంతాకు సోమవారము, ఎల్లోరాకు మంగళవారము సెలవు. ఈ చిన్న సంగతి తెలియక వందల మైళ్లు పోయి గొళ్లెము చూచి వచ్చువారు లేకపోలేదు.

నెల తేలిన పిదప మనుష్యులు. ఇందు మా సూత్రము ఒక్కటే: బలవంతునిబట్టి కాక, ఇంటిలో నెల్ల దుర్బలునిబట్టి చోటును నిర్ణయింపవలెను. మోకాళ్ల నొప్పిగల నాయనమ్మ ఎన్ని మెట్లు ఎక్కగలదు? మూడేండ్ల పిల్లవాడు ఎన్ని గంటలు కారులో కూర్చుండగలడు? గుండె జబ్బుగాని ఆయాసముగాని గలవారు ఎంత ఎత్తుకు పోవచ్చును? లేహ్ పట్టణము సుమారు 3,500 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో మూడింట రెండు వంతులు మాత్రమే. విమానమున ఒక్కసారిగ దిగినవారు మొదటి రెండు దినములు విశ్రమింపవలెను. పెద్దవారు వైద్యుని అడుగక అట్టి చోటికి పోరాదు.

దుర్బలునిబట్టి నిర్ణయించుట యనగా తక్కిన వారి ముచ్చట చంపుకొనుట కాదు. అజంతాలో కొండమెట్లు ఎక్కవలెను. ఎల్లోరాలో కైలాసాలయపు ప్రాంగణము నేలమట్టముననే యున్నది. నాయనమ్మ అచ్చట నీడను కూర్చుండి, కొండను పైనుండి క్రిందికి తొలిచి గుడి చేసిన శిల్పుల పనిని తనివితీర చూడవచ్చును. పిల్లలు తక్కిన గుహలు చూచి రావచ్చును.

ఇంటి యిల్లాలిని కూడ మరువరాదు. వంట పాత్రలతో అద్దె యిల్లు తీసికొన్నచో పురుషులకు విహారము, ఆమెకు వంటిల్లు మారుట మాత్రమే. దినమున కొక ఊరు చొప్పున పరుగెత్తినచో పెట్టెలు సర్దుటయే ఆమె వంతగును. మూడు దినముల కొకసారి ఎచ్చటికిని కదలని దినము ఒకటి యుండవలెను. ఐదు దినములకు రెండు మజిలీలు చాలును.

చివర దూరము, వ్యయము. రైలు టిక్కెట్లను ముందుగ తీసికొను గడువు 2024 నవంబరు 1 నుండి 120 దినములకు మారుగ 60 దినములయినది. కావున సెలవుల తేదీలు తెలిసిన వెంటనే మేల్కొనవలెను. ఐదేండ్లు నిండని పిల్లలకు బెర్తు కోరనిచో టిక్కెట్టు అక్కరలేదు. ఐదు నిండి పండ్రెండు నిండని వారికి బెర్తు వద్దన్నచో సగము, వేరు బెర్తు కోరినచో పూర్తి ఛార్జీ. పెద్దవారికి క్రింది బెర్తు దొరకునట్లు వారి వయస్సును సరిగా వ్రాయవలెను. ప్రయాణమునకు పట్టు కాలము మొత్తము సెలవులో మూడవ వంతును మించినచో ఆ చోటును మరియొక యేటికి దాచుకొనుట మేలు. అనుకొన్న వ్యయమునకు పదింట రెండు వంతులు అదనముగ చేతనుంచుకొనవలెను. ఆ సొమ్మే జ్వరము వచ్చినను, దారి మూసినను మనలను కాపాడును.

ఇట్లు నెలను, మనుష్యులను, దూరమును తూచిన పిదప రెండు మూడు చోట్లు మిగులును. అప్పుడు ఇంటిలోనివారందరిని కూర్చుండబెట్టి అడుగుడు. మొదట పెద్దవారిని అడుగుడు. "మీరు పోయి రండు నాయనా, నేను ఇల్లు చూచుకొందును" అని వారు చెప్పినచో, ఆ మాటను వెంటనే అంగీకరింపక, వారు రాగల చోటు ఏదో మరల వెదకుడు. కొండలును సముద్రములును వచ్చు ఏడును అచ్చటనే యుండును. ఇంటిలోని వారందరు కలిసి ప్రయాణము చేయగల సంవత్సరములు మాత్రము మన చేతిలో లెక్కకు మించి లేవు.