వేసవిలో సైకిలు యాత్ర - ఆరోగ్య నియమములు

వేసవి సెలవులలో యువకులు జట్టుగా కోనసీమ కాలువగట్ల వెంట, పల్లెబాటలలో సైకిళ్లపై తిరుగుట ఆనందదాయకమే. కాని వ్యాయామమును శీతకాల, వసంతములందు అర్ధశక్తితోను, ఇతర ఋతువులందు అంతకంటె స్వల్పముగాను చేయవలెనని వాగ్భటుని మతము. పోటీ పుట్టిన జట్టు ఈ హద్దును మరచును. బలహీనుని వేగమే అందరి వేగము కావలెను.

ఒక మధ్యాహ్నము ఇట్టి జట్టువారు తోటి బాలుని నా వద్దకు మోసుకొనివచ్చిరి. ఒళ్లు కాలుచుండెను, మాట తడబడుచుండెను. తడిగుడ్డలు చుట్టి, విసరుచు, తక్షణమే ఆసుపత్రికి తరలించితిమి, బ్రతికెను. ఇట్టి స్థితిలో గృహవైద్యముతో కాలయాపన తగదు. నోట ఏమియు పోయరాదు.

సూర్యోదయమునకు ముందే బయలుదేరి, 9 గంటలలోగా నీడ చేరుడు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగను దాహమునకు ముందే కొద్దికొద్దిగా త్రాగుడు. తల తిరిగినచో వెంటనే దిగి విశ్రమించుడు.