ఊరికే నిలబడ్డ అంబులెన్సు

ప్రభుత్వాసుపత్రి ఆవరణలోనో, పోలీసు స్టేషను పక్కనో, పెద్ద రోడ్డు కూడలిలోనో 108 అంబులెన్సు ఆగి ఉండటం మీరు చూసే ఉంటారు. లోపల ఇద్దరు మనుషులుంటారు. బండి మాత్రం కదలదు. "ఊరికే నిలబెట్టి జీతాలివ్వడం ఎంత దండగ!" అని ఎవరో అనడం కూడా మీ చెవిన పడి ఉండవచ్చు. ఆ మాట నిజమేనా? లెక్క వేసి చూద్దాం, రండి.

అత్యవసర సహాయానికి అందరూ గుర్తుంచుకోగల ఒకే నంబరు ఉండాలన్న ఆలోచన 1937లో లండనులో 999 రూపంలో అమలైంది. మన దగ్గర 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు దేశంలోని అనేక రాష్ట్రాలలో ఇది నడుస్తోంది. బండిలో ఉండే ఇద్దరిలో ఒకరు దాన్ని నడిపేవారు. వారిని ఈ సేవలో 'పైలట్' అంటారు. రెండవవారు అత్యవసర చికిత్సలో శిక్షణ పొందిన టెక్నీషియన్.

ఫోను మోగగానే

మీరు 108కి ఫోను చేస్తే ముందు పలికేది అంబులెన్సులోని వారు కాదు, కాల్ సెంటరులోని ఉద్యోగి. వారికి అన్నిటికంటే ముందు కావలసింది స్థలం. ఎందుకో ఊహించగలరా? మధ్యలో ఫోను తెగిపోయినా, చోటు తెలిస్తే బండిని పంపవచ్చు. జబ్బు పేరు మాత్రమే తెలిస్తే ఎక్కడికి పంపుతారు?

ఆ తరువాత ప్రశ్నలు: రోగికి స్పృహ ఉందా? ఊపిరి ఆడుతోందా? రక్తం పోతోందా? ఈ జవాబులను బట్టి ఏది ఎంత తొందరో నిర్ణయిస్తారు. దగ్గరలో ఖాళీగా ఉన్న బండిని చూసి పంపుతారు. దారిలో టెక్నీషియనుకు సందేహం వస్తే కేంద్రంలోని డాక్టరు ఫోనులో సలహా చెబుతారు.

ఒక సీటుకు ఎంతమంది?

బండి రాత్రింబవళ్లు సిద్ధంగా ఉండాలి. వారానికి 7 రోజులు, రోజుకు 24 గంటలు, అంటే 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలు పనిచేస్తే ఒక్క సీటుకు 168ని 48తో భాగించగా మూడున్నర మంది కావాలి. సెలవులు, జ్వరాలు, శిక్షణ రోజులు కలుపుకుంటే నలుగురికి తగ్గదు. రెండు సీట్లకు ఎనిమిది మంది. మీకు కనిపించేది ఇద్దరే, వారి వెనుక మరో ఆరుగురున్నారన్నమాట!

చీటీల ప్రయోగం

ఒక పట్టణంలో రోజుకు సగటున 12 పిలుపులు వస్తాయనుకుందాం. వెళ్లి, రోగిని ఆసుపత్రిలో చేర్చి, బండిని శుభ్రం చేసుకుని మళ్లీ సిద్ధం కావడానికి సగటున ఒక గంట. అంటే బండికి రోజుకు 12 గంటలే పని. ఒక్క బండి చాలుననిపిస్తుంది కదూ?

24 చిన్న చీటీల మీద 1 నుంచి 24 వరకు అంకెలు వేసి డబ్బాలో వేయండి. కాగితం మీద 24 గళ్లు గీయండి. ఒక్కో గడి ఒక్కో గంట. కళ్లు మూసుకుని ఒక చీటీ తీసి, ఆ గడిలో గుర్తు పెట్టి, చీటీని మళ్లీ డబ్బాలో వేసి కలపండి. ఇలా 12 సార్లు చేయండి.

ఏం కనిపించింది? సగానికి పైగా గళ్లు ఖాళీ. కాని కొన్ని గళ్లలో రెండేసి, ఒక్కోసారి మూడేసి గుర్తులు! గుండెపోటు గడియారం చూసుకుని రాదు. రెండు గుర్తులున్న గడిలో రెండవ రోగి గతి ఏమిటి?

ఇలాంటి చిక్కే పూర్వం టెలిఫోను కంపెనీలకు ఎదురైంది. ఎన్ని లైన్లు ఉంటే ఎంతమంది ఆగవలసి వస్తుంది? కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేసిన డెన్మార్కు గణితవేత్త ఎర్లాంగ్ దీనికి 1909, 1917లలో సూత్రాలు ప్రకటించాడు. మన పట్టణానికి ఆయన సూత్రాన్ని వర్తింపజేస్తే ఇలా వస్తుంది:

ఒక బండి ఉంటే, ప్రతి 2 పిలుపులలో 1 ఆగవలసిందే.
రెండు బండ్లు ఉంటే, 10 పిలుపులలో 1.
మూడు బండ్లు ఉంటే, 66 పిలుపులలో 1.

చూశారా! మూడు బండ్లున్నప్పుడు ఒక్కొక్కటి రోజుకు 4 గంటలే తిరుగుతుంది. తక్కిన 20 గంటలూ నిలబడే ఉంటుంది. అది దండగ కాదు. పిలుపు రాగానే బండి దొరకాలంటే బండి ఖాళీగా ఉండాలి. బావిలో నీళ్లు మిగిలి ఉంటేనే కదా నిప్పంటుకున్నప్పుడు చేదుకోగలం!

అయితే మూడు బండ్లకు 24 మంది సిబ్బంది కావాలి. కోరినన్ని బండ్లు ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. అందుకే ఒకేసారి రెండు పిలుపులు వస్తే, ముందు ఎవరు ఫోను చేశారని కాక ఎవరి ప్రాణం ఎక్కువ అపాయంలో ఉందో చూస్తారు. నెపోలియన్ సైన్యంలోని శస్త్రవైద్యుడు లారే కూడా ఈ పద్ధతినే పాటించాడు. గాయం తీవ్రతే చూశాడు తప్ప, క్షతగాత్రుడి హోదా చూడలేదు.

బండి వచ్చేలోగా

ఇంకొక లెక్క. బండి 5 కిలోమీటర్ల దూరంలో ఉంది, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఏడున్నర నిమిషాలు పడుతుంది. గుండె ఆగిపోతే, ప్రాణవాయువు అందక నాలుగైదు నిమిషాలలోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత వేగంగా వచ్చినా ఈ తేడాను బండి ఒక్కటే పూడ్చలేదు. పక్కనున్న మనిషే పూడ్చాలి. ఛాతీ మధ్యన నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవారికైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉంటే రక్తం కొంతైనా మెదడుకు చేరుతుంది. దీన్ని శిక్షణ ఇచ్చేవారి దగ్గర బొమ్మ మీద నేర్చుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న స్నేహితుడి మీద ఎన్నడూ ప్రయత్నించకూడదు.

మీరు ఈ రోజే చేయగల పని ఒకటుంది. మీ ఇంటి నంబరు, వీధి, గ్రామం, మండలం, దగ్గరలోని గుడో బడో నీళ్ల ట్యాంకో ఏదైనా గుర్తు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. కంగారులో పెద్దలు కూడా చిరునామా తడబడతారు. ఫోను చేశాక అవతలివారు చాలునన్నదాకా పెట్టేయకండి. ఒకరిని వీధి మొగకు పంపి బండికి దారి చూపించండి. సరదాకు మాత్రం ఎప్పుడూ 108కి ఫోను చేయకండి. మీ చీటీల ప్రయోగంలో 12కి బదులు 13వ చీటీ తీసి చూడండి, అది ఎవరి గడిలో పడుతుందో!