ఖైరతాబాదు వినాయకుడు: మట్టి, జిప్సము, నీరు

భాద్రపద శుద్ధ చవితినాడు మట్టితో చేసిన వినాయక ప్రతిమను పీఠముపై నుంచి, 21 విధముల పత్రితో పూజించి, పిమ్మట చెరువులోనో బావిలోనో కలుపుట తెలుగువారి యిండ్లలో చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. జానెడు ప్రతిమ గంటసేపటిలో కరగి అడుగున బురదగా మారును. మరునాడు ఆ నీటిలో ప్రతిమ జాడ కానరాదు. ఈ ఆచారమునకు ఆధ్యాత్మికముగా ఎట్టి అర్థము చెప్పబడినను, ఇది జరుగుటకు ఒక భౌతిక కారణము కలదు. ప్రతిమను దేనితో చేసినారో ఆ పదార్థమునకు తిరిగి నీటిలో విడిపోవు గుణము ఉండవలెను. ఆ గుణము లేనిచో నిమజ్జనము పేరునకు మాత్రమే నిమజ్జనము అగును. ఈ విషయము హైదరాబాదు నగరములోని ఖైరతాబాదు వినాయకుని చరిత్రలో స్పష్టముగా కనిపించును.

ఒక అడుగునుండి 60 అడుగులకు

వినాయక చవితిని బహిరంగ ఉత్సవముగా జరుపు పద్ధతిని 1893లో పూనా నగరమున బాలగంగాధర తిలక్ ప్రోత్సహించెను. ఆ స్ఫూర్తితో 1954లో ఖైరతాబాదులో సింగరి శంకరయ్య ఒక అడుగు ఎత్తుగల విగ్రహమును ప్రతిష్ఠించెను. తరువాత ఏటికొక అడుగు చొప్పున ఎత్తును పెంచుచు రాగా 2014 నాటికి విగ్రహము 60 అడుగులకు చేరెను. దీని నిర్మాణము జ్యేష్ఠమాసములో నిర్జల ఏకాదశినాడు కర్రపూజతో ఆరంభమగును. చవితినాటినుండి అనంత చతుర్దశి వరకు లక్షలాది జనులు దర్శింతురు. చివరిదినమున విగ్రహమును పెద్ద వాహనముపై ఊరేగించి, క్రేను సహాయముతో హుస్సేన్‌సాగరములో నిమజ్జనము చేయుదురు. ఈ సరస్సు 16వ శతాబ్దిలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలమున నిర్మింపబడినది.

ఎత్తు 60 రెట్లు పెరిగినప్పుడు బరువు ఎన్ని రెట్లు పెరుగును? 60 రెట్లని తోచుట సహజము. కాని పొడవు, వెడల్పు, ఎత్తు మూడును 60 రెట్లు పెరుగును గనుక, ఘనపరిమాణము 60 × 60 × 60, అనగా 2,16,000 రెట్లగును. ఒక అడుగు మట్టి ప్రతిమ 10 కిలోగ్రాములు తూగినచో, అదే ఆకారమున లోపల బోలు లేకుండ చేసిన 60 అడుగుల ప్రతిమ 2,160 టన్నులు తూగవలెను. ఆ బరువును మోయు పాదముల వైశాల్యము మాత్రము 60 × 60, అనగా 3,600 రెట్లే పెరిగినది. కావున పాదములవద్ద ప్రతి చదరపు అంగుళముపై పడు ఒత్తిడి 60 రెట్లగును. గండుచీమకు సన్నని కాళ్లును, ఏనుగునకు స్తంభములవంటి కాళ్లును ఉండుటకు కారణమిదియే.

అందుచే పెద్ద విగ్రహమును ముద్దగా చేయుట అసాధ్యము. ముందుగా ఇనుప కడ్డీలతో అస్థిపంజరమువంటి చట్రమును నిలిపి, దానిపై పలుచని పొరగా విగ్రహరూపమును తీర్చవలెను. బరువును ఇనుము మోయును. రూపమును పై పొర ఇచ్చును. ఆ పొర దేనితో వేయవలెనను ప్రశ్నయే ఇచ్చట ముఖ్యమైనది. పెక్కు సంవత్సరములు దీనికి ప్లాస్టర్ ఆఫ్ పారిసును వాడిరి.

నీరు పోయిన గట్టిపడునది, నీరు చేరిన గట్టిపడునది

బంకమట్టి మిక్కిలి సూక్ష్మమైన రేణువుల సముదాయము. ఒక్కొక్క రేణువు మిల్లీమీటరులో 500వ వంతుకంటె చిన్నది; ఆకారమున పలుచని పలకవంటిది. మట్టిని నీటితో పిసికినప్పుడు ఈ పలకలమధ్య నీటిపొర చేరును. అప్పుడు పలకలు ఒకదానిపై నొకటి జారును. కుమ్మరి చేతిలో మట్టి చెప్పినట్లు వినుటకు ఈ జారుడే కారణము. ఎండినప్పుడు నీరు ఆవిరియై పోయి, పలకలు దగ్గరకు చేరి, ఒకదాని నొకటి పట్టుకొని నిలుచును. ఈ మార్పులో కొత్త పదార్థమేదియు పుట్టలేదు. తిరిగి నీటిలో ఉంచినచో నీరు పలకలమధ్య దూరి వాటిని విడదీయును. ప్రతిమ కరగినదని లోకము చెప్పునది వాస్తవముగా ఈ విడిపోవుటయే. ఉప్పు నీటిలో కరగును. మట్టి కరగదు, రేణువులుగా విడిపడి అడుగున పేరుకొనును.

ప్లాస్టర్ ఆఫ్ పారిసు కథ దీనికి విరుద్ధము. దీనికి మూలమైన జిప్సము మన దేశములో ముఖ్యముగా రాజస్థానములో దొరకు ఖనిజము. పారిసు నగర సమీపమున పూర్వము జిప్సము గనులుండుటచే దీనికా పేరు కలిగినది. జిప్సములో కాల్షియం సల్ఫేటు అణువొక్కింటికి రెండు నీటి అణువులు స్ఫటికములో బంధింపబడియుండును. తూకమున నూటికి సుమారు 21 వంతులు నీరే. దీనిని 120 మొదలు 150 సెంటీగ్రేడు డిగ్రీల వరకు వేడిచేసినచో ఆ నీటిలో ముప్పాతిక భాగము పోయి తెల్లని పొడి మిగులును. అదియే ప్లాస్టర్ ఆఫ్ పారిసు. ఈ పొడిని నీటితో కలిపినచో పోగొట్టుకొనిన నీటిని తిరిగి స్వీకరించి మరల జిప్సముగా మారును. అప్పుడు సూదులవంటి స్ఫటికములు పుట్టి ఒకదానిలో నొకటి పెనవేసికొనును. కొద్ది నిమిషములలో ముద్ద గట్టిపడును. కొంత వేడియు పుట్టును. గట్టిపడునప్పుడు మట్టి కుంచించుకొనిపోగా ఇది కించిత్తు వ్యాకోచించును. అందుచే అచ్చులోని ప్రతి గీతయు విగ్రహముపై తేటగా దిగును.

ఈ రెంటికిని గల భేదమును ఒక్క మాటలో చెప్పవచ్చును. మట్టి నీరు పోయినందున గట్టిపడును. ప్లాస్టరు నీరు చేరినందున గట్టిపడును. కనుక నీరు మట్టిబొమ్మను విడదీయగలదు. ప్లాస్టరు బొమ్మను విడదీయలేదు. నీటివలన కలిగిన బలమును నీరే తీసివేయుట సులభము కాదు.

సరస్సు అడుగున జరుగునది

జిప్సము నీటిలో బొత్తిగా కరగనిదని చెప్పరాదు. ఒక లీటరు నీటిలో సుమారు రెండున్నర గ్రాములు కరగును. ఈ లెక్కన ఒక టన్ను జిప్సము పూర్తిగా కరగుటకు 4 లక్షల లీటర్ల శుద్ధజలము కావలెను. సరస్సులో అంతకంటె ఎన్నో రెట్ల నీరు కలదు గదా యని అనవచ్చును. కాని చిక్కు నీటి పరిమాణములో లేదు. కరగు వేగములో కలదు. అడుగున పడిన పెద్ద ముక్కను అంటియున్న నీరు త్వరలోనే సంతృప్త ద్రావణమై, అది కదలి కొత్త నీరు వచ్చువరకు మరి కరగించుకొనజాలదు. ముక్కపై బురద కప్పుకొనును. నూనెరంగు పూతయున్నచో నీరు లోనికి చొరనే లేదు. ఈ కారణములచే ముక్కలు నెలలతరబడి నిలిచియుండును.

కరగిన భాగమువలన నీటి కాఠిన్యము, సల్ఫేటు పాలు హెచ్చును. ప్రాణవాయువు లేని అడుగుబురదలో కొన్ని సూక్ష్మజీవులు సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడు వాయువుగా మార్చును. కుళ్లిన గ్రుడ్డు వాసన ఈ వాయువుదే. అయితే హుస్సేన్‌సాగరపు దుస్థితికంతకు విగ్రహములే కారణమనుట న్యాయము కాదు. పట్టణపు మురుగునీరు, కర్మాగారముల వ్యర్థజలము కాలువలద్వారా ఏళ్లతరబడి ఈ సరస్సును చేరినవి. విగ్రహములు ఆ భారమునకు కొన్ని దినములలోనే మరికొంత చేర్చును.

రంగుల సంగతి ఇంకను గంభీరమైనది. కొన్ని యెరుపు, పసుపు రంగులలో సీసము, క్రోమియము, పాదరసము, కాడ్మియము వంటి లోహములుండును. ఎర్రని సీససింధూరము సీసపు ఆక్సైడు. ఇంగిలీకము పాదరసపు సల్ఫైడు. ఆకు కుళ్లి మట్టియగును. లోహము మాత్రము ఏ సూక్ష్మజీవిచేతను నశింపదు. ఒక సమ్మేళనమునుండి మరొక సమ్మేళనమునకు మారుచు బురదలో నిలిచియుండి, కొంత జలచరముల శరీరములలో చేరగలదు. అందుచే నీటిలో కలియు ప్రతిమకు పసుపు, గైరికము వంటి నిరపాయమైన రంగులే తగినవి.

నిబంధనలు, శిల్పుల కష్టము

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి విగ్రహ నిమజ్జనమును గూర్చి 2010లో మార్గదర్శక సూత్రములను వెలువరించెను. 2020లో వాటిని సవరించి ప్లాస్టర్ ఆఫ్ పారిసు విగ్రహములను నిషేధించెను. 2021 సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత న్యాయస్థానము అట్టి విగ్రహములను హుస్సేన్‌సాగరములో కలుపరాదని ఆదేశించెను. అప్పటికే విగ్రహములు సిద్ధమైయున్నందున సర్వోన్నత న్యాయస్థానము ఆ ఒక్క సంవత్సరమునకు మాత్రము అనుమతి నిచ్చెను.

నిషేధించుట ఒక వాక్యముతో ముగియును. మట్టితో చేయుట మాత్రము అంత సులభము కాదు. హైదరాబాదులోని ధూల్‌పేటవంటి చోట్ల అనేక కుటుంబములకు విగ్రహనిర్మాణమే జీవనోపాధి. ప్లాస్టరుతో ఒక అచ్చునుండి ఎన్నో బొమ్మలు త్వరగా తీయవచ్చును. అవి బోలుగా, తేలికగా ఉండును. మట్టి యెండునప్పుడు కొలతలో నూటికి 5 మొదలు 10 వంతుల వరకు కుంచించుకొనును. పైభాగము ముందు ఎండి, లోభాగము తడిగా నున్నచో పగుళ్లు తప్పవు. ఎండుటకు పట్టు కాలము మందముతో సమముగా గాక, మందము వర్గముతో పెరుగును. ఒక అంగుళపు పొర ఎండుటకు రెండు దినములు పట్టినచో, మూడంగుళముల పొరకు రమారమి 18 దినములు పట్టును. పైగా ఈ పని సాగునది వర్షాకాలము.

దీనికి పరిష్కారము శిల్పుల అనుభవములోనే కలదు. మట్టిలో ఊక, గడ్డి, కొబ్బరిపీచు కలిపినచో అవి రేణువులను పట్టియుంచి పగుళ్లను ఆపును. పలుచని పొరలను ఒకదాని తరువాత నొకటి వేసి, పందిరి నీడలో నెమ్మదిగా ఆరనీయవలెను. ఈ విధముగా పెద్ద విగ్రహమును చేయుట సాధ్యమేనా యను సందేహమునకు ఖైరతాబాదే సమాధానము చెప్పినది. 2022లో అచ్చట 50 అడుగుల మట్టి విగ్రహమును నిలిపిరి. 70వ సంవత్సరమైన 2024లో 70 అడుగుల మట్టి వినాయకుడు వెలసెను. లోపలి ఇనుమును నిమజ్జనానంతరము వెలికి తీయవలసియే యుండును. మట్టియు అపారముగా పోసినచో సరస్సును పూడ్చును. కావున చిన్న ప్రతిమలకు ప్రత్యేకముగా కట్టిన కుంటలు మేలు.

మిగిలియున్న ప్లాస్టరు విగ్రహములకు పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాల ఒక ఉపాయమును కనుగొన్నది. అమ్మోనియం బైకార్బొనేటు ద్రావణములో విగ్రహము నుంచినచో జిప్సము క్రమముగా కాల్షియం కార్బొనేటుగా మారి అడుగున చేరును. పైన మిగులు ద్రవములో అమ్మోనియం సల్ఫేటు ఉండును. ఇది పైరులకు ఎరువు. 2016 నాటికి ఈ పద్ధతి పూనాలో ఆచరణలోనికి వచ్చెను. అయితే రంగులలోని విషలోహములను ఇదియు నశింపజేయజాలదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

మూడు గాజు గ్లాసులలో పావు లీటరు చొప్పున నీరు పోయవలెను. మొదటిదానిలో ఎండిన బంకమట్టి ఉండను, రెండవదానిలో నల్లబల్లపై వ్రాయు సుద్దముక్కను, మూడవదానిలో ఇంటికప్పు పెంకుముక్కను వేయవలెను. సుద్దముక్కలు సాధారణముగా ప్లాస్టరుతోనే చేయబడును. సజల హైడ్రోక్లోరికామ్లపు చుక్క వేసినప్పుడు బుడగలు పొంగినచో అది సున్నపురాతి సుద్ద, పొంగనిచో జిప్సము. ఈ ప్రయోగమునకు రెండవదే కావలెను.

ఒక గంట తరువాత చూచినచో మట్టియుండ విడిపోయి అడుగున పరచుకొనియుండును. సుద్దముక్క గాలిబుడగలను విడిచి తడియునే కాని ఆకారమును విడువదు. ఆ నీటిలో జిప్సము కరగగలది అరగ్రాముకంటె కొంచెము మాత్రమే ఎక్కువ. పెంకుముక్కయు మట్టితో చేసినదే గదా, అది యేల విడిపోలేదని విద్యార్థులు తప్పక అడుగుదురు. ఆవములో కాలినప్పుడు, సుమారు 500 డిగ్రీలు దాటిన పిమ్మట, మట్టిరేణువుల నిర్మాణములోని నీరు కూడ పోయి, రేణువులు శాశ్వతముగా మారిపోవును. అందుచే కాల్చిన మట్టి మరల మట్టి కాజాలదు. నిమజ్జనమునకు పచ్చిమట్టినే వాడి నీడను ఆరబెట్టు పూర్వాచారములోని ఔచిత్యము ఈ మూడు గ్లాసులవలన విద్యార్థులకు బోధపడును.