టర్బోఛార్జరు నుండి నూనె తిరుగు ప్రయాణము

శృంగవరపుకోట దాటి, అనంతగిరి మీదుగా అరకు లోయకు పోవు ఘాటు రోడ్డుపై బరువుతో ఎక్కు లారీ ఇంజనుకు రెండు చిక్కులు కలవు. ఒకటి దారి వాలు. రెండవది గాలి పలుచబడుట. సముద్ర మట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత తీరములో కంటె ఇంచుమించు 8 శాతము తక్కువ. సిలిండర్లకు అందు ఆక్సిజను ఆ మేరకు తగ్గును. ఈ లోటును తీర్చు సాధనమే టర్బోఛార్జరు.

స్విట్జర్లండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి దీనికి 1905లో పేటెంటు పొందెను. అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ 1918లో టర్బోఛార్జరు అమర్చిన విమానపు ఇంజనును 14,000 అడుగులకు మించిన పైక్స్ పీక్ పర్వతముపైకి తీసికొనిపోయి పరీక్షించెను. 1977లో రెనో సంస్థ దీనిని ఫార్ములా వన్ పందెపు కార్లలో ప్రవేశపెట్టెను.

ఇందులో ఒకే ఇరుసునకు రెండు చివరల రెండు చక్రము లుండును. ఇంజను విడుచు వేడి వాయువులు ఒక చక్రమును త్రిప్పును. రెండవ చక్రము బయటి గాలిని నొక్కి సిలిండర్లలోనికి పంపును. చిన్న ఇంజన్లలో ఈ ఇరుసు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలదు. అంత వేగములో లోహము లోహమును తాకినచో నిలువదు. కావున ఇరుసు పలుచని నూనె పొరపై తేలుచు తిరుగును. ఆ నూనెయే వేడిని కూడ కొంత మోసికొనిపోవును.

నూనె లోనికి వచ్చుట సులభము. పంపు దానిని తోయును. ఆ పీడనము చదరపు సెంటీమీటరుకు 3 కిలోగ్రాము లనుకొందము. అది 30 మీటర్ల నీటి స్తంభపు పీడనమునకు సమానము. బేరింగులు దాటగానే ఆ పీడనము ఉడిగిపోవును. పైగా నూనె గాలితో చిలుకబడి నురగ యగును. ఇక దానిని క్రింది నూనె తొట్టికి చేర్చునది భూమ్యాకర్షణ మాత్రమే. ఎత్తు 20 సెంటీమీటర్లు, నూనె సాపేక్ష సాంద్రత 0.87 అయినచో లభించు పీడనము 17.4 సెంటీమీటర్ల నీటి స్తంభమునకు సమానము. నురగలో సగము గాలియే అయినచో 8.7 సెంటీమీటర్లు మాత్రమే! అందుచేతనే వచ్చు గొట్టము సన్నముగను, పోవు గొట్టము లావుగను ఉండును.

పోవు దారికి అడ్డు కలిగిన నేమగును? ఇరుసు చివరల నుండు వలయములు ముఖ్యముగా వాయువును ఆపుటకు ఏర్పడినవి; నిండిన నూనెను అవి ఆపజాలవు. నూనె వేడి చక్రము వైపు కారి, కాలి, నీలిపొగ యగును. చూచినవారు టర్బోఛార్జరు అరిగినదని తలచి క్రొత్తది వేయుదురు. తిరుగు గొట్టము మారనందున క్రొత్తదియు పొగ విడుచును. తొట్టిలోనికి సిలిండర్ల నుండి జారు వాయువుల పీడనము హెచ్చినను ఇదే ఫలితము.

ఇక వాలు సంగతి. 12 అడుగుల దూరమునకు 1 అడుగు ఎక్కు దారిలో ఇంజను సుమారు 5 డిగ్రీలు వంగును. నేలపై చూచినపుడు కొద్ది వాలుతో ముందునుండి వెనుకకో, వెనుకనుండి ముందునకో పోవు గొట్టము, ఎక్కునపుడో దిగునపుడో అడ్డముగా, లేక ఎదురువాలుగా మారవచ్చును.

పందెపు కారులో ఈ వంపు మరింత తీవ్రము. కారు వేగముగా ఎడమకు మలుపు తిరిగినపుడు లోపలి నూనె కుడివైపునకు త్రోయబడును. ప్రక్క త్వరణము భూమ్యాకర్షణ త్వరణముతో సమానమైనచో, నూనెకు "క్రిందు" అను దిక్కు నిలువు నుండి 45 డిగ్రీలు ప్రక్కకు వంగినట్లగును. ఈ వంపు కోణపు టాంజెంటు, ప్రక్క త్వరణమును భూమ్యాకర్షణ త్వరణముచే భాగించగా వచ్చు విలువ. కనుక టర్బోఛార్జరు నుండి ఎడమకు 30 డిగ్రీల వాలుతో దిగు గొట్టములో, ఆ మలుపునందు నూనె వెనుకకే పోజూచును. 45 డిగ్రీలకు మించిన వాలు ఉన్నప్పుడే క్రిందికి సాగును.

ఇందుండి నియమములు తేలుచున్నవి. గొట్టము వీలైనంత నిలువుగా దిగవలెను. నడుమ ఎక్కడను జోలెవలె వ్రేలాడరాదు. ఆ వంపులో నూనె నిలిచి అడ్డుపడును. చివర తొట్టిలోని నూనె మట్టమునకు పైననే కలియవలెను. పొగగొట్టపు వేడికి దూరముగా నడువవలెను. లేనిచో నూనె మాడి బొగ్గువలె గట్టిపడి దారి మూయును. టర్బోఛార్జరును తొట్టికంటె క్రిందుగా అమర్చక తప్పనిచో, పీల్చు పంపు కావలెను. నురగలోని గాలినికూడ లాగవలసి యుండుటచే, లోనికి వచ్చు నూనె పరిమాణముకంటె ఆ పంపు సామర్థ్యము ఎక్కువగా ఉండవలెను.

దీనిని తరగతిలో చూపుట కష్టము కాదు. ఒక గరాటునకు పారదర్శకమైన గొట్టము తగిలించి, దానిని కొద్ది వాలుతో పలకకు కట్టి, సబ్బు నురగ కలిసిన నీటిని పోయవలెను. పిమ్మట గొట్టము నడుమ చిన్న జోలె ఏర్పరచి చూడవలెను. తుదకు పలకను ఎదురుదిశకు వంచవలెను. ధార మందగించి గరాటు నిండుచుండగా, ఘాటు ఎక్కు లారీ నీలిపొగ ఏల విడుచునో విద్యార్థులే చెప్పగలరు.