మఘకూ పుబ్బకూ నడుమ ఒక గెలాక్సీ

ఫాల్గుణ, చైత్ర మాసాల రాత్రుల్లో సింహరాశి తమిళనాడులోని ధర్మపురి మీదుగా సాగిపోతుంది. అందులో మఘ, పుబ్బ నక్షత్రాల నడుమ ఎం105 అనే గెలాక్సీ ఉంది. ధర్మపురి అక్షాంశం 12 డిగ్రీల పైచిలుకు. ఖగోళ మధ్యరేఖకు ఉత్తరంగా ఈ గెలాక్సీ ఉన్న స్థానమూ 12 డిగ్రీల పైచిలుకే. అందువల్ల అది ఇక్కడ నడినెత్తికి చందమామ వెడల్పంత ఎడమైనా లేకుండా దాటిపోతుంది. ఈశాన్యాన జవ్వాది కొండల్లో, వైను బప్పు నెలకొల్పిన కావలూరు వేధశాలకైతే మరీ దగ్గరగా వస్తుంది. చిన్న దూరదర్శినిలో చూస్తే అదొక గుండ్రటి మసక మచ్చ. సర్పిలాకార గెలాక్సీలకుండే చేతులు లేవు, కొత్త నక్షత్రాల నీలి మెరుపులు లేవు. ఉన్నవి దాదాపు అన్నీ ముసలి నక్షత్రాలే. ఇంత సాదాగా కనిపించే దీర్ఘవృత్తాకార గెలాక్సీకి చరిత్రంటూ పెద్దగా ఉండదనిపిస్తుంది. కానీ ఉంది. అది తెలియాలంటే గెలాక్సీని వదిలి దాని గుంపును చూడాలి.

1781లో పియేర్ మెషాన్ కనుగొన్న ఎం105 మనకు సుమారు 3.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎం95, ఎం96 అనే సర్పిల గెలాక్సీలున్న గుంపులో ఉంది. గుంపు అన్న మాట ఇక్కడ కీలకం. వేల గెలాక్సీలుండే పెద్ద గుచ్ఛాల్లో అవి సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో ఒకదాన్నొకటి దాటిపోతాయి, కలిసిపోయే వ్యవధి ఉండదు. చిన్న గుంపులో ఆ వేగం కొన్ని వందల కిలోమీటర్లు మించదు. గెలాక్సీ లోపల నక్షత్రాలు తిరిగే వేగమూ ఇంచుమించు అంతే. అప్పుడు రెండు గెలాక్సీల గురుత్వాకర్షణ ఒకదానిపై ఒకటి పనిచేయడానికి తగినంత సమయం దొరుకుతుంది. వాటి గమన శక్తి లోపలి నక్షత్రాలకు చేరి, పళ్ళెం లాంటి అమరిక చెదిరిపోయి, నక్షత్రాలు అన్ని దిక్కులకూ తిరిగే ఒకే ముద్ద మిగులుతుంది. అలా మిగిలినదే దీర్ఘవృత్తాకార గెలాక్సీ అన్నది ఈ వాదం.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ నక్షత్రాల వయసు. అన్నీ అంత పాతవైతే, ఆదిలోనే ఒక పెద్ద వాయు మేఘం కుంగి ఈ గెలాక్సీ ఒక్కసారిగా పుట్టిందని ఎందుకు అనుకోకూడదు? పాత ఇటుకలతో నిన్న కట్టిన ఇల్లు కూడా ఉంటుంది కదా. నక్షత్రాల వయసు వేరు, అవి ఒకచోట చేరిన కాలం వేరు. రెండో ఆక్షేపణ మరింత బలమైనది. 1980లో అలన్ డ్రెస్లర్ చూపినట్టు, గెలాక్సీలు ఎక్కడ దట్టంగా ఉంటే అక్కడే దీర్ఘవృత్తాకారాల వాటా ఎక్కువ. మరి గుచ్ఛాల్లో కలయికలు కష్టమైతే అవక్కడికి ఎలా వచ్చాయి? గుచ్ఛాలు కూడా గుంపులు వచ్చి చేరగా పెరిగినవే. చాలా గెలాక్సీలు గుంపుల్లో ఉండగానే రూపం మార్చుకుని, ఆ తర్వాతే గుచ్ఛంలో పడ్డాయి.

ఎం105 గుంపు ఇప్పటికీ స్తబ్ధంగా లేదు. ఎం105నూ దాని పొరుగున ఉన్న ఎన్‌జీసీ 3384నూ చుట్టి, సుమారు 6.5 లక్షల కాంతి సంవత్సరాల వెడల్పున చల్లటి హైడ్రోజన్ వలయం ఉందని 1983లో అరెసిబో రేడియో దూరదర్శిని పరిశీలనలు తెలిపాయి. చాలాకాలం దీన్ని గెలాక్సీగా మారకుండా మిగిలిన ఆదికాలపు వాయువు అనుకున్నారు. కానీ 2021లో వెలువడిన కొలతల్లో అందులో భారమూలకాలు పుష్కలంగా తేలాయి. భారమూలకాలు నక్షత్రాల్లోనే తయారవుతాయి కనుక, ఈ వాయువు ఏదో గెలాక్సీ పళ్ళెం నుంచి ఊడివచ్చిందే. ఈ వలయం ఎం105 పుట్టుకకు నేరుగా సాక్ష్యం కాదు. ఆ గుంపులో గెలాక్సీలు ఒకదాన్నొకటి చీల్చుకున్నాయనడానికి మాత్రం తిరుగులేని సాక్ష్యం.

ఈ చరిత్రను పక్కనపెడితే ఎంత పొరపాటు జరగవచ్చో కృష్ణపదార్థంపై వచ్చిన వివాదం చూపింది. ఎం105 అంచుల్లో గ్రహ నీహారికలున్నాయి. సూర్యుడి వంటి నక్షత్రాలు చివరి దశలో విడిచిన వాయువు అది. నిర్దిష్టమైన ఆకుపచ్చ కాంతినిస్తుంది కాబట్టి వాటి వేగం కొలవడం తేలిక. 2003లో ఆరన్ రొమనోవ్‌స్కీ బృందం లా పాల్మా దీవి నుంచి ఎం105తో సహా మూడు గెలాక్సీలను ఇలా కొలిచింది. అంచులకు పోయేకొద్దీ వేగాలు తగ్గాయి. దాన్నిబట్టి వీటిలో కృష్ణపదార్థం ఉండాల్సినంత లేదన్నారు. 2005లో అవిషయ్ డెకెల్ బృందం దీనికి బదులిచ్చింది. సర్పిల గెలాక్సీలు కలిసినప్పుడు బయటికి విసిరిన నక్షత్రాలు బాగా సాగిన కక్ష్యల్లో తిరుగుతాయని వాళ్ళ కంప్యూటర్ నమూనాలు చూపాయి. అంచుల దగ్గర వాటి వేగంలో ఎక్కువ పాలు మన చూపుకు అడ్డంగా ఉంటుంది. మనం కొలవగలిగేది చూపు వెంబడి ఉన్న పాలును మాత్రమే. కృష్ణపదార్థం మామూలుగా ఉన్నా వేగం తక్కువగానే కనిపిస్తుంది. కంప్యూటర్ నమూనా ఒక్కటే రుజువు కాదనడం న్యాయమే. అయినా గెలాక్సీ ఎలా ఏర్పడిందో తెలియకుండా దాని బరువు తేల్చలేమన్నది ఆ నమూనా స్పష్టం చేసింది. ఇక్కడ నాకు డెకెల్ వాదమే బలంగా కనిపిస్తుంది.

మనమున్న స్థానిక సమూహంలో పెద్ద దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఇప్పటికి ఒక్కటీ లేదు. ఆండ్రోమెడా గెలాక్సీ సెకనుకు 110 కిలోమీటర్ల వేగంతో మన పాలపుంత వైపు వస్తోంది. రెండూ కలిసి అలాంటి గెలాక్సీ కావడం ఖాయమని నిన్నమొన్నటిదాకా అనుకున్నారు. వచ్చే వెయ్యి కోట్ల సంవత్సరాల్లో ఆ అవకాశం దాదాపు సగానికి సగమేనని 2025లో వచ్చిన అధ్యయనం లెక్కతేల్చింది.