పెద్దనాయన బ్రేకులు ఎందుకు ఫెయిలయ్యాయి?

లాల్ దర్వాజా బోనాల రోజు. ఇంటినిండా చుట్టాలు. మా పెద్దనాయన ఉన్నట్టుండి పక్కనున్న అల్లుడి ప్లేట్లోంచి స్వీటు తీసి నోట్లో వేసుకున్నాడు. అంతా నవ్వేశారు. వారం తిరక్కుండా ఓ చావు ఇంట్లో అందరూ ఏడుస్తుంటే ఆయన పగలబడి నవ్వాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మా ఇజ్జత్ తీసినవ్ కదా పెద్దనాయనా!" అని ఇంటికొచ్చాక అరిచింది నేనే.

లాడ్ బజార్‌లో 40 ఏళ్లు గాజుల దుకాణం నడిపిన మనిషి ఆయన. మాట తూచి మాట్లాడేవాడు. అలాంటిది 61వ ఏట నుంచి కస్టమర్లను కసురుకోవడం, ఎవరడిగితే వాళ్లకి డబ్బులిచ్చేయడం మొదలైంది. పెద్దమ్మ జ్వరంతో పడుకుంటే "ఎట్లుంది?" అని కూడా అడగలేదు. మతిమరుపు మాత్రం లేదు. ఎవరి బాకీ ఎంతో టకటకా చెప్పేవాడు. అందుకే జబ్బని మాకు తట్టలేదు, పొగరనుకున్నాం. రెండేళ్లు అలాగే పోయాయి.

చివరికి న్యూరాలజిస్ట్ ఎంఆర్ఐ తీయించి చెప్పారు: ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా. అందులోనూ ప్రవర్తన మారిపోయే రకం.

నుదుటి వెనక రివ్యూయర్

మన నుదుటి వెనక ఉండేవే ఫ్రంటల్ లోబ్స్. బాస్ మీద మండిపోతూ టైప్ చేసిన మెయిల్‌ని పంపకుండా ఆగుతాం చూడండి, ఆ ఆపేది ఇవే. మెదడులో ఆలస్యంగా ఎదిగే భాగం కూడా ఇదే, పాతికేళ్ల దాకా టైమ్ తీసుకుంటుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే కోడ్ రివ్యూ చేసే సీనియర్ లాంటిది. ఆ సీనియర్ లేకపోతే రాసిందల్లా నేరుగా లైవ్‌లోకి వెళ్లిపోతుంది.

1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైల్వే ఫోర్‌మన్ ఫినియస్ గేజ్‌కి పేలుడులో మూడడుగులు దాటిన ఇనుప కడ్డీ చెంపలోంచి దూరి నెత్తిమీదుగా బయటికొచ్చింది. బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ "వీడు మన గేజ్ కాదు" అన్నారు స్నేహితులు. స్వభావానికీ ఫ్రంటల్ లోబ్స్‌కీ లింకుందని డాక్టర్లు ఆలోచించడానికి ఆ కేసు పెద్ద కారణం.

మన నిమ్స్‌లో తేలింది

డయాగ్నసిస్ తర్వాత రాత్రుళ్లు కూర్చుని చదివా. దొరికిన స్టడీ మన ఊరిదే! పంజాగుట్ట నిమ్స్‌లో డా. సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా పేషెంట్లను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే, రెండు లేదా ఎక్కువ భాషలు వచ్చినవాళ్లకి జబ్బు సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. పెద్దనాయనకి వచ్చిన రకాన్ని 2017లో విడిగా చూస్తే, ఒక భాష వాళ్ల కంటే ఎక్కువ భాషల వాళ్లకి సగటున 5.7 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది.

ఎందుకలా? ఓల్డ్ సిటీలో నిలబడి చూడండి. దుకాణదారు ఒక కస్టమర్‌కి "నక్కో" అంటాడు, పక్క కస్టమర్‌కి "వద్దమ్మా" అంటాడు. ఒక భాష మాట్లాడాలంటే రెండోదాన్ని ఆపి ఉంచాలి. ఆ ఆపడమే ఫ్రంటల్ లోబ్స్‌కి రోజువారీ కసరత్తు అని ఒక వివరణ. శాస్త్రవేత్తలందరూ దీన్ని ఒప్పుకోలేదు, కొన్నిచోట్ల స్టడీల్లో ఈ లాభం కనిపించలేదు కూడా.

సగటు లెక్క ఒక్క మనిషికి వర్తించదని నాకూ తెలుసు. అయినా 5.7 అన్న అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయా. రోజంతా ఉర్దూ, తెలుగు మాట్లాడించిన ఆ దుకాణమే ఆయన్ని కొన్నేళ్లు కాపాడిందేమో.

మారాల్సింది మేమే

దీన్ని నయం చేసే మందు ఇంకా లేదు. గల్లా పెట్టె అన్న చూసుకుంటున్నాడు. స్వీట్లు కనపడకుండా పెడుతున్నాం. నేను అరవడం మానేశా. ఆయన ఆగట్లేదు కాదు, ఆగలేడు.

మీ ఇంట్లో 50, 60 ఏళ్ల మనిషి స్వభావం ఉన్నట్టుండి మారితే, జ్ఞాపకశక్తి బాగానే ఉంది కదా అని వదిలేయకండి. న్యూరాలజిస్ట్‌కి చూపించండి. మేం పోగొట్టుకున్న ఆ రెండేళ్లు ఆయన్ని తిట్టడానికే సరిపోయాయి.

మొన్న చార్మినార్ దగ్గర పాత కస్టమర్ ఒకాయన సలాం చేస్తే పెద్దనాయన మొహం తిప్పుకున్నాడు. ఒకప్పుడైతే నేను తలదించుకునేవాణ్ని. ఇప్పుడు ముందుకెళ్లి చెప్పా: "బురా నక్కో మానో చాచా, ఆయనకి మెదడు జబ్బు."